ముంజేతి గడియారం

‘గడియారం’ అనే మాటలోనే మన పూర్వుల కాలగణన దాగి ఉంది. గడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు. దానినే ఘటిక, ఘడియ అని కూడా అంటారు. ఒక పగలు, ఒక రాత్రి కలిస్తే అరవై గడియలు. గడియలో అరవయ్యో వంతు విగడియ. అంటే మన లెక్కలో ఇరవైనాలుగు సెకన్లు. ఏడున్నర గడియలు ఒక జాము. అడుగున సన్నని రంధ్రం చేసిన రాగి గిన్నెను నీటి తొట్టిలో తేలవేస్తే, రంధ్రం గుండా నీరు ఎక్కి ఆ గిన్నె మునిగే వ్యవధిని గడియగా పరిగణించేవారు. ఆ సాధనానికి ఘటికాయంత్రమని పేరు. వివాహ ముహూర్తాలను సైతం ఈ విధంగానే నిర్ణయించిన రోజులున్నాయి. పంచాంగాలలో తిథి, నక్షత్రాలను గడియలలోను, విగడియలలోను చెప్పే ఆచారం నాటిదే.

గంటలు, నిమిషాలు మన దైనందిన జీవితంలోకి పాశ్చాత్యుల పాలనతో ప్రవేశించాయి. కచేరీలు, న్యాయస్థానాలు, పాఠశాలలు, రైళ్లు అన్నీ గంటల లెక్కన నడవడం మొదలైన తరువాత, సూర్యుని చూసి పొద్దు చెప్పగలిగిన వానికి కూడా గడియారం అవసరమయింది. అయితే గడియారం కొనే శక్తి ఎందరికి ఉంటుంది? అందుకే పట్టణాల కూడళ్లలో ఊరందరికీ కలిపి ఒక గడియారాన్ని ఎత్తుగా నిలబెట్టారు. కోనసీమకు ముఖ్యపట్టణమైన అమలాపురంలో గడియారస్తంభం సెంటరు అంటే తెలియనివారు లేరు. నేడు ప్రతివారి జేబులోను సమయం చూపే ఫోను ఉన్నప్పటికీ, ఆ కూడలికి ఆ పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక్కడ ఒక విశేషాన్ని చెప్పుకోవాలి. మన దేశమంతటికీ ఒకే ప్రామాణిక సమయం 1906 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు రైల్వేలు మద్రాసు సమయాన్ని అనుసరించేవి. ప్రామాణిక సమయానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మన రాష్ట్రంలో తుని ప్రాంతం మీదుగా పోతుంది. అమలాపురం దాదాపు 82 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కిస్తే, అమలాపురం స్థానిక సమయానికీ, గడియారం చూపే సమయానికీ వ్యత్యాసం రెండు నిమిషాలే. అదే పశ్చిమ తీరాన ఉన్న ద్వారకలో ఆ వ్యత్యాసం యాభైనాలుగు నిమిషాలు. దేశంలో చాలా ప్రాంతాలవారు తమ సూర్యునికి దూరమైన సమయాన్ని చేతికి కట్టుకొని తిరుగుతుంటే, కోనసీమవాసులు ఇంచుమించుగా తమ సొంత సమయాన్నే కట్టుకొని తిరుగుతున్నారన్నమాట.

తొలి రోజుల్లో వ్యక్తిగతమైన గడియారమంటే జేబు గడియారమే. జమీందారులు, వకీళ్లు, కరణాలు గొలుసుకు తగిలించి కోటు జేబులోనో, చొక్కా జేబులోనో వేసుకొనేవారు. చేతికి గడియారం కట్టుకోవడం యూరపులో మొదట స్త్రీల అలంకారంగా ఉండేది. పురుషులు దానిని నామోషీగా భావించేవారు. మొదటి ప్రపంచయుద్ధం (1914-18) ఆ అభిప్రాయాన్ని మార్చింది. కందకాలలో తుపాకి పట్టుకున్న సైనికుడు జేబులోంచి గడియారాన్ని తీసి మూత తెరిచి చూడలేడు కదా! మణికట్టు మీది గడియారం అలా యుద్ధ సాధనమై, శాంతికాలంలో పురుషుల అలంకారంగా స్థిరపడింది. స్విట్జర్లాండుకు చెందిన ఫేవర్ లూబా సంస్థ 1865లోనే బొంబాయికి వచ్చింది. వెస్ట్ ఎండ్ సంస్థ 1886లో అదే నగరంలో వ్యాపారం ప్రారంభించింది. ఈ పేర్లు గల వాచీలు పాత కుటుంబాల పెట్టెల్లో నేటికీ అక్కడక్కడ బయటపడుతుంటాయి.

స్వాతంత్ర్యానంతరం దిగుమతులపై ఆంక్షలు పెరిగాయి. విదేశీ గడియారాలు ప్రియమయ్యాయి. దొంగరవాణా కూడా పెరిగింది. ఈ స్థితిలో భారత ప్రభుత్వ రంగంలోని హిందుస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ, అనగా హెచ్.ఎం.టి., జపానుకు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగుళూరులో చేతి గడియారాల కర్మాగారాన్ని నెలకొల్పింది. తొలి గడియారాలను నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ విడుదల చేశారు. జనత, సోనా, పైలట్, కోహినూర్, కాంచన్ – ఈ పేర్లలో ఏదో ఒకటి వినని తెలుగు ఇల్లు ఆ తరువాతి మూడు దశాబ్దాలలో ఉండి ఉండదు. వీటిలో జనత నిజంగానే జనానిది. తెల్లని డయలు, సన్నని ముళ్లు, ఆడంబరం లేని అంకెలు. ఉపాధ్యాయుడు, గుమాస్తా, తపాలా ఉద్యోగి, కొబ్బరి వర్తకుడు – అందరి చేతికీ అదే నప్పేది. బంగారు పూత గల స్విస్ గడియారం కన్న, మన సమాజ చరిత్రను చెప్పడంలో జనతకే ఎక్కువ అధికారం ఉన్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆ కాలంలో కావాలనుకున్నప్పుడు వాచీ దొరికేది కాదు. డబ్బు చేత పట్టుకొని నెలల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. కొరత వలన వస్తువుకు గౌరవం పెరుగుతుంది. ఆ గౌరవం పెళ్లిపందిరిలోకి కూడా ప్రవేశించింది. గోదావరి జిల్లాల పెళ్లిళ్లలో అలకపాన్పు ఒక ముచ్చటైన వేడుక. కొత్త అల్లుడు అలిగి పడుకొంటాడు. అత్తవారు ఏదో ఒకటి ఇచ్చి అలక తీరుస్తారు. పూర్వం పంచెల చాపుతోనో, ఉంగరంతోనో తీరిన అలక, కాలక్రమంలో సైకిలుకూ, రేడియోకూ, చేతి గడియారానికీ పెరిగింది. వేడుకగా ఇచ్చినంతవరకు అది ముచ్చటే. కాని గడియారం ముందుగానే లాంఛనాల జాబితాలోకి ఎక్కి, అది లేనిదే పెళ్లికుమారుడు పీటల మీదికి రానని మొరాయించే పరిస్థితి వచ్చినప్పుడు అది కట్నమే అయింది. విచిత్రమేమంటే, హెచ్.ఎం.టి. గడియారాల కర్మాగారం, వరకట్న నిషేధ చట్టం ఒకే సంవత్సరంలో, 1961లోనే వచ్చాయి. మొదటిది రెండవదానిని ఉల్లంఘించడానికి ఎంతగా ఉపయోగపడిందో ఎవరూ లెక్కకట్టలేదు. తాతగారి పాత గడియారాన్ని చేతిలోకి తీసుకొని మురిసిపోయేటప్పుడు, దానిని కొనడానికి అమ్మమ్మ తండ్రి ఎన్ని కొబ్బరికాయలు అమ్మవలసి వచ్చిందో కూడా తెలుసుకోవడం న్యాయం.

ఒకప్పుడు మన రాజధానిగా ఉన్న హైదరాబాదులో కూడా గడియారాలు తయారయ్యాయి. 1942లో స్థాపించబడి, బస్సులకూ, రిఫ్రిజిరేటర్లకూ ప్రసిద్ధి పొందిన హైదరాబాదు ఆల్విన్ సంస్థ, జపానుకు చెందిన సీకో సహకారంతో 1981లో చేతి గడియారాల నిర్మాణాన్ని చేపట్టింది. ఆల్విన్ వాచీ ఒకప్పుడు తెలుగువారి చేతులమీద విరివిగా కనిపించేది. ఆ ఉత్పత్తి ఎంతో కాలం నిలువలేదు. ఇప్పుడు సేకరణకర్తలు హెచ్.ఎం.టి.ని వెదకినంతగా ఆల్విన్‌ను వెదకడం లేదు. మన వస్తువు మనకే కనబడదంటే ఇదే కాబోలు.

కోనసీమ విషయానికి వస్తే, మరొక దారిన వచ్చిన గడియారాలు ఇక్కడ అధికం. 1970ల నుంచి అమలాపురం, రాజోలు, కొత్తపేట పరిసర గ్రామాలకు చెందిన ఎందరో స్త్రీపురుషులు బ్రతుకుతెరువు కోసం కువైట్, దుబాయి, మస్కట్ వంటి గల్ఫ్ ప్రాంతాలకు వెళ్లారు. ఇళ్లలో పనిచేసిన తల్లులు, కార్లు నడిపిన అన్నలు, తాపీపని చేసిన తండ్రులు సెలవులకు వచ్చేటప్పుడు తెచ్చిన వస్తువులలో టేప్‌రికార్డరు, సెంటుసీసాలతోపాటు చేతి గడియారం తప్పక ఉండేది. వాటిలో సీకో ఫైవ్ ప్రసిద్ధమైనది. 1963లో జపానులో వెలువడిన ఈ తరగతి గడియారాలు కీ ఇవ్వనక్కరలేకుండా చేతి కదలికతోనే నడుస్తాయి. తేదీ, వారం రెండూ ఒకే కిటికీలో చూపుతాయి. గల్ఫ్ విపణి కోసం తయారైనవాటిలో వారం పేరు ఇంగ్లీషులోను, అరబీలోను ఉంటుంది. రాజోలు తాలూకాలోని ఒక ఇంటిలో బీరువా అడుగున దొరికిన వాచీలో శుక్రవారం అరబీ లిపిలో కనిపిస్తే, ఆ వాచీ ఏ దేశంలో కొన్నదో, ఎవరి చెమటకు ప్రతిఫలమో వేరే చెప్పనక్కరలేదు. ఏ గ్రంథాలయంలోను దొరకని చరిత్ర అది. ఆ ఇంటివారు కొత్త వాచీ కొనుక్కొని పాతదానిని పాతసామాన్లవానికి వేసేస్తే, ఆ చరిత్ర కూడా దానితోనే పోతుంది.

కీ ఇచ్చే గడియారాల ప్రాభవం తగ్గడానికి కారణం క్వార్ట్జ్ పరిజ్ఞానం. 1969 డిసెంబరు 25న సీకో సంస్థ మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని విడుదల చేసింది. ఒక చిన్న స్ఫటికం, బ్యాటరీ ప్రవాహంతో సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈనాటి సెల్లు వాచీలన్నింటికీ ఆధారం ఆ కంపనమే. మన దేశంలో 1984లో ఏర్పడిన టైటాన్ సంస్థ 1987 నుంచి సెల్లు వాచీలను అందంగా తయారుచేసి అమ్మడంతో, కీ ఇచ్చే వాచీ పాతకాలపు వస్తువై కూర్చుంది. తరువాత ఫోన్లు వచ్చి సెల్లు వాచీని సైతం అవసరం కాని వస్తువుగా చేశాయి. నష్టాలలో మునిగిన హెచ్.ఎం.టి. గడియారాల సంస్థను మూసివేయడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. మూసివేత వార్త రెండేళ్ల ముందే పొక్కగానే, అంతవరకు అడిగేవారు లేని వాచీల కోసం జనం దుకాణాల ముందు బారులు తీరారు. ఉన్నప్పుడు విలువ తెలియకపోవడం మన జాతికి కొత్త కాదు!

మరి పనికిరాని వస్తువును సేకరించడమెందుకు? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే గడియారం వెనుక మూత తెరిచి చూడాలి. అందులో విద్యుత్తు లేదు. కీ తిప్పినప్పుడు ఒక చిన్న డబ్బాలోని పొడవైన ఉక్కు రేకు చుట్టుకొంటుంది. అది మెయిన్ స్ప్రింగు. అది విప్పుకొంటూ చక్రాలను తిప్పుతుంది. దానిని యథేచ్ఛగా వదిలితే క్షణాలలో విప్పుకొని ఊరుకొంటుంది. అలా కాకుండా శక్తిని కొద్దికొద్దిగా, సమానమైన తునకలుగా విడిచిపెట్టే ఏర్పాటు ఒకటుంది. ద్వారం దగ్గర నిలబడి ఒక్కొక్కరినే లోపలికి పంపే కాపలాదారు వంటి పని అది. రెండు కొనలు గల చిన్న కొక్కెం, దంతాల చక్రాన్ని ఒక్కొక్క పన్ను చొప్పున వదులుతుంది. ఆ కొక్కేనికి లయ చెప్పేది బ్యాలెన్సు చక్రం. దానికి తల వెంట్రుకంత సన్నని హెయిర్ స్ప్రింగు అమర్చి ఉంటుంది. ఆ చక్రం ఇటు ఒకసారి, అటు ఒకసారి ఊగుతుంది. మనం వినే టిక్ టిక్ శబ్దం కొక్కెం పంటిని తాకినప్పటిది.

జనత వంటి వాచీలో ఈ శబ్దం గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు అయిదు సార్లు వినిపిస్తుంది. రోజుకు 4,32,000 సార్లు. అటువంటి వాచీ రోజుకు అర నిమిషం తప్పు నడిచిందని మనం విసుక్కొంటాము. రోజుకు 86,400 సెకన్లలో ముప్పై సెకన్లు తప్పడమంటే, పదివేలలో మూడున్నర వంతులు మాత్రమే. నూటికి తొంభైతొమ్మిది మార్కులు దాటిన విద్యార్థిని తప్పాడని కోప్పడినట్లుంటుంది. చక్రాల ఇరుసులు అరగకుండా కెంపు రాళ్లలో తిరుగుతాయి. డయలు మీద ‘17 జ్యూయల్స్’ అని వ్రాసి ఉండేది అందుకే. వాచీలో పదిహేడు రత్నాలున్నాయని మురిసినవారు మన పల్లెల్లో కొందరు లేకపోలేదు. అవి కృత్రిమంగా తయారుచేసిన కెంపులు. అమ్మితే ఏమీ రాదు. కాని అవి లేకపోతే ఆ యంత్రం కొద్ది సంవత్సరాలలోనే అరిగిపోతుంది.

ఆటోమేటిక్ వాచీలో మరొక చమత్కారం ఉంది. అర్ధచంద్రాకారంలో ఉన్న ఒక బరువు, చేయి కదిలినప్పుడల్లా గిరగిరా తిరిగి స్ప్రింగును చుట్టి ఉంచుతుంది. పాత సీకో ఫైవ్ వాచీలలో చాలావాటికి చేతితో కీ ఇచ్చే సౌకర్యమే లేదు. రాత్రంతా బల్లమీద పడుకోబెట్టినా, పగలు చేతిమీద పొందిన శక్తితో నడుస్తుంది. రెండు రోజులు మరిచిపోతే ఆగిపోతుంది.

సేకరణ మొదలుపెట్టదలచినవారు బజారుకు పోనక్కరలేదు. ముందు ఇంటిలో వెదకాలి. తాతగారి ట్రంకుపెట్టెలో, పూజగదిలోని మందసంలో, నాన్నగారి పాత చొక్కాల మధ్య ఆగిపోయిన వాచీ ఒకటి ఉండే అవకాశం ఎంతైనా ఉంది. అది దొరికిన వెంటనే కీ తిప్పకూడదు. లోపలి నూనె ఏనాడో ఎండిపోయి ఉంటుంది. ఎండిన ఇరుసుల మీద చక్రాలను తిప్పితే అవి అరుగుతాయి. ముందుగా పెద్దలను అడిగి, అది ఎవరిది, ఏ సంవత్సరంలో కొన్నది, ఎక్కడ కొన్నది, ఏ సందర్భంలో కొన్నది అన్న వివరాలను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. కొన్న రసీదు, గ్యారంటీ కార్డు, డబ్బా దొరికితే భద్రపరచాలి. ధర పలికేవాళ్లు గడియారాన్ని చూస్తారు; చరిత్ర తెలిసినవాళ్లు ఆ నోటుపుస్తకాన్ని చూస్తారు. గాంధీజీ వాడిన జేబు గడియారం, కళ్లజోడు, చెప్పులు మొదలైనవి 2009 మార్చిలో న్యూయార్కులో వేలానికి వచ్చినప్పుడు 18 లక్షల డాలర్లు పలికాయి. ఆ లోహానికీ, గాజుకూ అంత ధర లేదని వేరే చెప్పనక్కరలేదు.

గడియారం వయస్సును తెలుసుకొనే మార్గాలు కొన్ని ఉన్నాయి. సీకో వాచీ వెనుక మూత మీద ఒక వరుస సంఖ్య ఉంటుంది. అందులో మొదటి అంకె సంవత్సరపు చివరి అంకెను, రెండవ స్థానం నెలను తెలుపుతాయి. మొదటి అంకె 4 అయితే అది 1974 కావచ్చు, 1984 కావచ్చు. లోపలి యంత్రపు సంఖ్యను బట్టి, ఆ యంత్రం ఏ కాలంలో తయారయిందో తెలుసుకొంటే సందేహం తీరుతుంది. ఈ పరిశోధన చరిత్రకారుడు శాసనాన్ని చదివే పద్ధతికి దగ్గరగా ఉంటుంది. అక్షరాల తీరును బట్టి శాసనకాలాన్ని చెప్పినట్లే, డయలు మీది పేరు వ్రాసిన తీరును బట్టి వాచీ కాలాన్ని చెప్పగలవారున్నారు.

బజారులో కొనదలచినవారు మాత్రం జాగ్రత్త వహించాలి. పాత వాచీలపై మోజు పెరిగిన తరువాత, నాలుగైదు చచ్చిన వాచీల భాగాలను కూర్చి ఒక వాచీగా చేయడం ఒక వ్యాపారమయింది. డయలు ఒక వాచీది, ముళ్లు వేరొకదానివి, మూత మరొకదానిది. పాత డయలును గీకివేసి, దాని మీద మెరిసే నీలం, ఎరుపు, ఆకుపచ్చ రంగులు వేసి, సంస్థ పేరును మళ్లీ అచ్చువేస్తారు. దూరం నుంచి చూస్తే కొత్తదానివలె కళకళలాడుతుంది. భూతద్దంతో చూస్తే అక్షరాల అంచులు చెదిరి, గీతలు నిమిషాల స్థానాలకు సరిపడక కనిపిస్తాయి. రంగు వేసిన వాచీని రంగు వేసినదేనని చెప్పి, తగిన ధరకు అమ్మితే తప్పేమీ లేదు. కట్టుకొనేవాని ముచ్చట అది. కాని అచ్చమైన పాతదని నమ్మించి అమ్మడం మోసం. ఇంతకన్న బాధాకరమైన విషయం మరొకటి ఉంది. ఇంటిలోని వాచీని మరమ్మతుకు ఇచ్చినప్పుడు, ‘డయలు పాతబడింది, కొత్తగా చేయిద్దాం’ అన్న మాటకు తలూపి, యాభై ఏళ్లపాటు మన పెద్దలు చూసిన ముఖాన్ని మనమే చెరిపివేయిస్తున్నాం. లేత గోధుమరంగుకు తిరిగిన డయలు మురికి కాదు. అది ఆ వస్తువు వయస్సు. శుభ్రపరచవలసింది లోపలి యంత్రాన్ని.

కోనసీమ వాతావరణం గడియారాలకు మిత్రుడు కాదు. ఒకవైపు సముద్రం, మిగిలిన వైపుల గోదావరి పాయలు, ఊరూరా కాలువలు, కొబ్బరితోటల నీడ. ఈ పచ్చదనమంతా గాలిలోని తేమగా మారి వాచీలోకి ప్రవేశిస్తుంది. వర్షాకాలంలో అద్దం లోపల ఆవిరి పట్టడం అందరూ చూసినదే. ఆ తేమ ముందుగా ఉక్కు భాగాలను పడుతుంది. హెయిర్ స్ప్రింగు మీద చిన్న తుప్పుచుక్క లేచినా లయ చెడిపోతుంది. డయలు మీద నల్లని మచ్చలు లేస్తాయి. తోలు పట్టీలకు బూజు పడుతుంది. తక్కువ ధర వాచీల కేసులు ఇత్తడి మీద పూత వేసినవి కావడం వలన, చెమట తగిలిన చోట పూత లేచిపోయి గుంటలు పడతాయి. పాత జనత వాచీని తిరగవేసి చూస్తే ఎడమచేతి చెమట తిన్న ఆనవాళ్లు స్పష్టంగా కనిపిస్తాయి.

తడిసిన వాచీని బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. బియ్యం డబ్బాలోని గాలి తేమను కొంత పీల్చవచ్చునేమో గాని, మూత బిగించిన వాచీ లోపలి నీటిని బయటికి లాగదు. మూత తీయించి ఆరబెట్టడమొక్కటే మార్గం. అది కూడా అదే రోజు చేయాలి. మరునాటికి తుప్పు మొదలవుతుంది. వాడని వాచీలను బీరువాలో తోలు పట్టీతో సహా చుట్టి పెట్టకూడదు. పట్టీని విడదీసి, తేమను పీల్చే సిలికా పొట్లాలు వేసిన గాలిచొరని డబ్బాలో భద్రపరచాలి. కర్పూరపుండలు, సెంటుసీసాలు దగ్గర ఉండరాదు. టీవీ స్పీకర్లు, అయస్కాంతపు మూతలు గల సంచులు కూడా వాచీకి దూరంగా ఉండాలి. హెయిర్ స్ప్రింగు అయస్కాంతీకరణం చెందితే దాని చుట్లు ఒకదానికొకటి అంటుకొని, వాచీ గంటకు నిమిషాల చొప్పున ముందుకు పరుగెత్తుతుంది. చెడిపోయిందని పారవేయనక్కరలేదు, అయస్కాంతశక్తిని తొలగించే చిన్న పరికరం మరమ్మతుదారుల వద్ద ఉంటుంది. పని క్షణాలలో ముగుస్తుంది.

మరొక హెచ్చరిక ముఖ్యమైనది. చీకటిలో వెలిగే అంకెలను మనవారు వాడుకలో ‘రేడియం’ అంటారు. నేటి వాచీలలో ఉన్నది రేడియం కాదు. వెలుతురును పీల్చుకొని కొంతసేపు విడిచిపెట్టే హానిలేని పదార్థం. కాని 1960ల కంటే పూర్వపు వాచీలలో కొన్నింటి మీద నిజంగానే రేడియం కలిపిన రంగు ఉండేది. అమెరికాలోని కర్మాగారాలలో ఆ రంగును కుంచెలతో అద్దిన యువతులు, కుంచె కొనను పెదవులతో సన్నబరచడం వలన ఎముకల వ్యాధులతో మరణించారు. వారి పోరాటం కార్మికుల హక్కుల చరిత్రలో భాగమయింది. రేడియం శక్తి సగానికి తగ్గడానికి సుమారు 1,600 సంవత్సరాలు పడుతుంది. కాబట్టి అంకెల వెలుగు ఆరిపోయినంత మాత్రాన ప్రమాదం ఆరిపోయినట్లు కాదు. వెలుగునిచ్చే పదార్థం మాత్రమే క్షీణించిందని అర్థం. అటువంటి వాచీని మూసి ఉంచి చూడవచ్చు. విద్యార్థులు ఎవరూ దాని అద్దం ఊడదీసి ఆ రంగును గీకరాదు. ఆ పొడిని పీల్చరాదు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పిన తరువాత, వీటన్నింటినీ చేయగలిగిన మనిషి సంగతి చెప్పాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేట వంటి ఊళ్ల బజారులలో ఒకప్పుడు వాచీ మరమ్మతుదారు లేని వీధి ఉండేది కాదు. దుకాణమంటే పెద్ద గది కాదు; ఏదో ఒక అరుగు అంచున అద్దాల పెట్టె, దాని వెనుక ఒక ఎత్తు ముక్కాలిపీట, కంటికి బిగించిన భూతద్దం, పట్టకార్లు, గాజు బుడ్డిలో పెట్రోలు, బోర్లించిన గాజు గిన్నెల కింద విప్పిన యంత్రాలు. తుమ్ము వస్తే మొహం పక్కకు తిప్పుకొనేంత మెళకువ అవసరమైన పని అది. వాచీలో వాడే మరలలో కొన్ని ఆవగింజ కంటె చిన్నవి. ఈ విద్యను చాలామంది కళాశాలలో నేర్చుకోలేదు. తండ్రి దగ్గరో, గురువు దగ్గరో సంవత్సరాల తరబడి కూర్చొని నేర్చుకొన్నారు. నేడు వారిలో ఎక్కువమంది సెల్లు మార్చడం, పట్టీలు వేయడంతో రోజు గడుపుకొంటున్నారు. కొందరు ఫోన్ల మరమ్మతులోకి మళ్లారు. వారి పిల్లలు ఈ పీట మీద కూర్చోవడానికి ఇష్టపడకపోతే వారిని తప్పుపట్టలేము. రోజంతా కన్ను పొడిచుకొని బాగుచేసిన వాచీకి నలుగురు ఇచ్చే కూలి, ఒక సినిమా టికెట్టుకు సరిపోని రోజులు వారు చూశారు.

విడిభాగాల సమస్య కూడా వారిదే. కర్మాగారం మూతపడిన యంత్రానికి కొత్త చక్రం ఎక్కడ దొరుకుతుంది? అందువలన వారు తమ పెట్టె అడుగున చచ్చిన వాచీలను దాచి ఉంచుతారు. ఒకదాని బ్యాలెన్సు మరొకదానికి, ఒకదాని మెయిన్ స్ప్రింగు ఇంకొకదానికి అమరుస్తారు. ఒకే రకపు యంత్రం లక్షల సంఖ్యలో తయారు కావడం వలన జనతకు ఇది సాధ్యమవుతున్నది. అరుదైన స్విస్ వాచీకి సాధ్యం కాదు. అందువలన కొత్తగా సేకరణలోకి దిగేవారు అరుదైనదానికోసం ఆరాటపడక, తమ ఊరి మరమ్మతుదారు బాగుచేయగలిగినదానినే ఎన్నుకోవడం మంచిది. అతనిచేత నాలుగైదేళ్లకు ఒకసారి విప్పించి, శుభ్రం చేయించి, నూనె వేయించాలి. కూలి విషయంలో బేరమాడరాదు.

బాగుపడిన వాచీని పెట్టెలో పెట్టి మురిసిపోవడం కన్న చేతికి కట్టుకోవడమే ఉత్తమం. కీ ఇచ్చేదైతే, ప్రతిరోజు ఒకే వేళకు, ఉదయం స్నానం కాగానే, చేతినుంచి తీసి కీ ఇవ్వాలి. చేతిమీద ఉండగా కీ తిప్పితే కీ కాడ వంగుతుంది. బిగువు తగలగానే ఆపాలి. పూర్తిగా కీ ఇచ్చిన వాచీ సుమారు ముప్పైఆరు గంటలపాటు నడుస్తుంది కాబట్టి ఒక పూట ఆలస్యమైనా ప్రమాదం లేదు. తేదీ చూపే వాచీలలో రాత్రి తొమ్మిది గంటల నుంచి తెల్లవారుజామున మూడు గంటల వరకు తేదీని చేతితో మార్చకూడదు. ఆ సమయంలో లోపలి చక్రం తేదీ పలకను అప్పటికే పట్టుకొని నెడుతూ ఉంటుంది. పైనుంచి మనం కూడా తిప్పితే పళ్లు విరుగుతాయి. ముందుగా ముళ్లను ఆరు గంటల దగ్గరకు తెచ్చి, అటుపిమ్మట తేదీని, వారాన్ని సరిచేసి, చివరకు సమయం పెట్టుకోవాలి.